మళ్లొచ్చినవా

కనగల్లు దాటినంక రోడ్డు బాగుంటది.
గుర్రంపోడు నుంచి ఆడిదాక
ఏ గుంత ఎక్కడుందో నాకు నోటికొచ్చు.
గుంతకోసారి అండాలు
ఎనక నుంచి నా అంగీ పట్టి గుంజుతది.
మెల్లగ పో, అని అనదు.
గుంజుడే మాట.

మూడు నెలలల్ల ఇది నాలుగోసారి.
పెద్ద దవాఖాన గేటుకాడ
సెక్యూరిటాయన ఆటోలకు టార్చి కొట్టి
"మళ్లొచ్చినవా మట్టయ్యా" అన్నడు,
లగ్గానికొచ్చిన సుట్టాన్ని అడిగినట్టు.

కేజువాల్టీల లైట్లు ఆరవు.
అది నాకు మంచిగనిపిస్తది, చెప్తే నవ్వుతరు.
మా ఇంట్ల రాత్రి రెండు గొట్టంగ
ఒక్క జీరో బల్బు,
దాని కింద ఆమె పండ్లు కొరుకుడు,
గోడ మీద మా ఇద్దరి నీడలు.
ఈడనైతే ఎవరో ఒకరుంటరు:
పురుగుల మందు తాగిన పిల్లగాడు,
బైకు మీదికెల్లి పడ్డ అన్నదమ్ములు,
తేలు కుట్టిన ముసలాయన,
కుట్టిన తేలును సీసల ఏసుకొని మరీ వొచ్చిండు.

డ్యూటీ డాక్టరు కొత్త పిల్ల.
ఫైలు తిరగేసుకుంట
హైదరాబాదోళ్లు రాసిచ్చిన కాయితం కాడ ఆగింది.
ఇగ ఇంటికాడనే చూసుకోండ్రి అని
ఇంగ్లీషుల, పొడుగ్గ రాసుంటదంట దాంట్ల.
"ఎక్స్‌రే తీస్తరా మేడం" అని నేనే అడిగిన.
పోయినసారి తీసిండ్రు, అంతకు ముందుసారీ తీసిండ్రు.
తీస్తే ఏదో ఒకటి చేసినట్టుంటది.

"తెల్లగోలీలు అయిపోయినయా?" అన్నది.
అయిపోలే.
మంగళవారం మంగళవారం వ్యానుల వొచ్చే
మార్తమ్మ సిస్టరు ఇచ్చినయి ఇచ్చినట్టే
బియ్యం డబ్బల అడుగున, పాత రుమాలుల మూటగట్టి ఉన్నయి.
నడిరాత్రి నొప్పి లేస్తే ఇంకొకటెయ్యి అని
నాకు సదువు రాదని
గోలీ బొమ్మ గీసింది, పక్కకు చంద్రుణ్ణి గీసింది.
ఎయ్యలే.
అది మత్తుమందు, అలవాటైతదన్నడు
మా పాలోడు రామనర్సు.
అలవాటు.
ఇరవై ఏండ్లు బత్తాయి తోటల ముండ్లు గీరిన చేతులవి,
వాటికి ఏ సుఖం అలవాటైంది గనక.
ఈ మాట రామనర్సుకు ఆనాడే చెప్పాల్సింది.
నాకు ఇప్పుడు తడుతున్నది.

డాక్టరమ్మ ఒంగి
"ఏం కావాలమ్మా" అని అడిగింది.
సూది అంటదనుకున్న.
అండాలు సెలైను కడ్డీ దిక్కు చూసింది,
నా దిక్కు చూసింది.
"ఈయనకు జర చాయ తాపియ్యుండ్రి."
తేలు ముసలాయన నవ్విండు.
డాక్టరమ్మ నవ్వలే.
రిజిస్టరు ముందటేసుకొని
"ఇంతకీ ఎవరికి బాగలేదు?" అని
నన్నే అడిగింది.
పెన్ను జరసేపు గాలిలనే ఉన్నది.

సూది ఇచ్చిండ్రు. ఎక్స్‌రే తియ్యలే.
మార్తమ్మ సిస్టరుకు ఫోను కలిపి నా చెవికి పెట్టింది.
పొద్దుగాల నాలుగు. అవతల ఏదో కోడి కూస్తున్నది.
గోలీ ఎందుకెయ్యలేదని తిడతదనుకున్న.
నిద్ర గొంతుతోనే
"భయమైందా అన్నా" అన్నది.
ఆఁ అన్న.
ఇంకేదో చెప్పింది, నాకు యాదికి లేదు.

వొచ్చేటప్పుడు గుంతలు అవే,
అంగీ ఎవరూ గుంజలే.
మూడో గుంతకు నా చేతులు వణికి
కనగల్లు ఇవతల బండి ఆపిన.
ఎనక్కి మల్లి చూస్తె, అండాలు తల ఒళ్లె పెట్టుకున్న నీలవదిన
పెదవుల మీద వేలేసుకొని
పండుకున్నదని సైగ చేసింది.
బత్తాయి లారీ ఒకటి పోయింది.
వాసన మాత్రం ఆటోల జరసేపు ఉన్నది.

మూట ఇప్పుడు బియ్యం డబ్బల లేదు,
ఆమె మంచం కోడు కాడ, చెయ్యి సాపితే అందేటట్టు.
జీరో బల్బు తీసి
దుకాణంల ఉన్నదాంట్ల పెద్ద బల్బు తెచ్చి పెట్టిన.
ఇల్లంత కేజువాల్టీ లెక్క తెల్లగయ్యింది.
అండాలు కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని,
"గింత ఎలుగెందుకయ్యా,
బిల్లు నీ తాత కడతడా" అన్నది.